సినిమా చరిత్రలో మన బాగోతం ఎక్కడ? (నల్లగొండ, పాలమూరు వాళ్ళు తప్పక రాయండి)

మూసీపిల్ల, సూర్యాపేట
శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. నేను డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. ఈసారి మా పిల్లలకు నాటకం నుంచి సినిమా ఎట్లా పుట్టిందో రాసుకు రమ్మని ప్రాజెక్టు ఇచ్చాం. దాని కోసం పుస్తకాలు తిరగేస్తుంటే ప్రతిచోటా ఒకటే వరుస. ధార్వాడ నాటక కంపెనీలు రాజమండ్రి వచ్చాయి, 1880లో కందుకూరి వీరేశలింగం నాటకం ఆడించారు, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వచ్చారు, తర్వాత తిరుపతి వేంకట కవుల పద్యాలు, సురభి వాళ్ళ డేరాలు, అక్కడి నుంచి భక్త ప్రహ్లాద టాకీ.

ఇదంతా నిజమే, కాదనను. అయితే ఈ వరుసలో కోదాడ, దేవరకొండ, నాగర్‌కర్నూలు, గద్వాల ఎక్కడా కనిపించవు. నా క్లాసులో సగం మంది పిల్లల తాతలు ఊర్లల్లో బాగోతం (యక్షగానం) ఆడినవాళ్ళే. కొందరి ఇళ్ళల్లో చెక్క కిరీటాలు, భుజకీర్తులు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. మరి ఆ ఆటకూ తెలుగు సినిమాకూ ఏ సంబంధమూ లేదా? కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన సినిమా హీరో కాంతారావు గారు ఏ నాటకమూ తెలియకుండానే కత్తి పట్టారా?

తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. పిల్లలకు చదివి వినిపిస్తాను.

హార్మోనియం మాస్టర్, దేవరకొండ
శుక్రవారం రాత్రి 10:45

మంచి ప్రశ్న వేశావమ్మా. నేను ఊర్లల్లో బాగోతాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. మా గురువు గారు కథలు నేర్పేవారు. నాకు తెలిసింది రాస్తాను.

రంగస్థలం అంటే పద్యనాటకం ఒక్కటే అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. మన దిక్కు రెండు ధారలు ఉండేవి. పద్యనాటకం పట్నాల్లో, సమాజాల వాళ్ళు టికెట్టు పెట్టి ఆడేది. బాగోతం, అంటే యక్షగానం, ఊరు మొత్తం ఆడించుకునేది. పంటలు ఇంటికొచ్చాక పనులు తగ్గిన రోజుల్లో కథ నేర్పే సారును పిలిపించుకునేవాళ్ళు. రాత్రి అన్నాలు తిన్నాక ఎవరి గడపలోనో కూర్చుని దరువులు, అంటే బాగోతం పాటలు, పట్టేవాళ్ళు. కుమ్మరాయన హరిశ్చంద్రుడు, సాలాయన చంద్రమతి, అట్ల. ఆడవేషం మగవాళ్ళే కట్టాలి. ముఖానికి అర్దళం రంగు, కళ్ళకు కాటుక, భుజాలకు అద్దాల బిళ్ళలు. పెట్రోమాక్స్ లైటు వెలుగుకు ఆ అద్దాలు మెరిస్తే చివర కూర్చున్న ముసలవ్వకు కూడా రాజు ఎవరో తెలిసేది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడితే దాని వెనక నుంచి పాత్ర తన పేరు తానే పాడుకుంటూ వచ్చేది. నడుమ బుడ్డర్ ఖాన్ వచ్చి నవ్వించేవాడు. తెల్లవారి సూర్యుడు వచ్చేదాకా ఆట.

కథల సంగతి చూడండి. లవకుశ, హరిశ్చంద్ర, బాలనాగమ్మ, కాంభోజరాజు, అల్లీ అర్జున, సారంగధర. చెర్విరాల భాగయ్య కవి రాసిన యక్షగానం పుస్తకాలు దొరకని ఊరు మా చిన్నప్పుడు లేదు. ఇప్పుడు ఆ పేర్లన్నీ మీ సినిమా చరిత్ర పుస్తకంలో వెతకండి. బాలనాగమ్మ 1942లో సినిమా, కాంభోజరాజు కథ 1967లో సినిమా. హరిశ్చంద్ర, లవకుశ సంగతి చెప్పనే అక్కరలేదు.

జానపద సినిమా అంటామే, మాయల ఫకీరు, రాకుమారుడు, అడవిలో తప్పిపోయిన రాణి, మధ్యలో నవ్వించే జత, ఆ అమరిక పద్యనాటకం నుంచి రాలేదు. అది బాగోతం అమరిక. నా మాటగా రాసుకోండి.

కొల్లాపురం తమ్ముడు
శనివారం ఉదయం 7:20

మాస్టర్ గారూ మస్తు రాశారు. ఒక ముక్క కలుపుతా. సురభి నాటకాలు మా కొల్లాపురం రాజులవే కదా, వాళ్ళ ఇంటిపేరే సురభి. అంటే తెలుగు సినిమాకు మూలం పాలమూరే!

పాతరీలు, నల్లగొండ
శనివారం ఉదయం 11:05

తమ్మీ, ఆ రెండు సురభులూ వేరు. కొల్లాపురం సంస్థానాధీశుల ఇంటిపేరు సురభి, నిజమే. నాటకాల సురభి కడప జిల్లాలో ఒక ఊరు. వనారస గోవిందరావు గారి కుటుంబం 1885లో అక్కడ కీచక వధ ఆడింది. తర్వాత ఒక్కో కుటుంబం ఒక్కో సమాజమై ఊరూరా డేరాలు వేసుకుంటూ తిరిగారు. ఇప్పుడు హైదరాబాదు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డారు. వాళ్ళలో రేకందార్ నాగేశ్వరరావు గారికి, అంటే అందరూ సురభి బాబ్జీ అనే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది.

సురభి గొప్పతనం ఏమంటే, మిగతా సమాజాల్లో మగవాళ్ళు చీరలు కట్టుకుంటున్న కాలంలో వాళ్ళింటి ఆడవాళ్ళు స్టేజి ఎక్కారు. అందుకే మొదటి టాకీ తీయాల్సి వచ్చినప్పుడు హెచ్.ఎం.రెడ్డి గారికి సురభి కమలాబాయి దొరికారు. భక్త ప్రహ్లాదలో లీలావతి ఆమే. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. బొంబాయిలో తీశారు. ఆ టాకీ 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలాకాలం రాసుకున్నారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత కాగితాలన్నీ వెతికి, సెన్సారు 1932 జనవరి 22న అయిందనీ విడుదల ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో జరిగిందనీ తేల్చారు. మీ పిల్లల చేత 1932 అనే రాయించండి. ఆ సినిమా ప్రింటు మిగల్లేదు.

మూసీపిల్ల మేడం, మీ వరుసలో తెలంగాణ లేదన్నారు. ఆ టాకీకి పాటలు రాసిన చందాల కేశవదాసు మన పక్క ఖమ్మం జిల్లా జక్కేపల్లి వారు. హరికథలు చెప్పారు, నాటకాలు రాశారు, నాటక సమాజాలకు పాటలు కట్టి ఇచ్చారు. ఆయన కనకతార నాటకం 1937లో సినిమా అయింది. తెలుగులో తొలి సినిమా పాట రాసిన చెయ్యి తెలంగాణ నాటక కవిది. పుస్తకాలు ఈ సంగతిని ఒక్క లైనులో చెప్పి దాటిపోతాయి. అక్కడ ఆగాలి. ఆయనకు ఆ పని ఎందుకు వచ్చింది? ఖమ్మం నుంచి బెజవాడ దాకా నాటకాల వాళ్ళు ఆయన్ను ఎరుగుదురు కాబట్టి. సినిమా వాళ్ళకు అప్పటికి వేరే కవులు లేరు, వేరే నటులు లేరు, వేరే కథలు లేవు. నాటకానికి ఏవి ఉన్నాయో అవే తెచ్చుకున్నారు.

కొల్లాపురం తమ్ముడు
శనివారం మధ్యాహ్నం 12:30

సరే అన్నా, అర్థమైంది. కాంతారావు గారి గురించి కూడా రాయండి.

పాతరీలు, నల్లగొండ
శనివారం మధ్యాహ్నం 1:15

కాంతారావు 1923లో గుడిబండలో పుట్టారు. నాటకాల మీద ఇష్టంతో ఊరు విడిచి మద్రాసు వెళ్ళారు. 1951లో నిర్దోషిలో చిన్న వేషం, 1953లో ప్రతిజ్ఞలో హీరో. ఈ రెండూ తీసింది ఎవరు? భక్త ప్రహ్లాద తీసిన ఆ హెచ్.ఎం.రెడ్డి గారే. తొలి టాకీ దర్శకుడు తన చివరి రోజుల్లో పట్టుకున్న మనిషి మన కోదాడ వాడు.

ఇంకోటి. సి.పుల్లయ్య గారు 1934లో లవకుశ తీశారు, పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత, ఇద్దరూ నాటకాల వాళ్ళే. అదే పుల్లయ్య గారు రంగుల లవకుశ మొదలుపెడితే కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేశారు, 1963లో వచ్చింది. అందులో లక్ష్మణుడు కాంతారావు. మాస్టర్ గారూ, మీ ఊరి బాగోతంలో లవకుశ ఆడిన వాళ్ళు ఆ సినిమా చూసి ఏమన్నారో చెప్పండి.

గద్వాల జరీ
శనివారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. మాస్టర్ గారి మాటతో నాకు పేచీ ఉంది. గౌరవంగానే చెప్తున్నాను.

సినిమా ఎక్కడ పుట్టినా మొదట స్టేజి ముందే కెమెరా పెట్టింది. పారిస్‌లో జార్జ్ మెలియే ఒక ఇంద్రజాల నాటకశాల యజమాని. ఆయన 1902లో చంద్రుడి మీదికి ప్రయాణం తీసినప్పుడు వాడింది రంగులేసిన తెరలు, నేలలో తలుపులు, స్టేజి యంత్రాలు. కెమెరా కదలదు, నాటకం చూసే మనిషి కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. కలకత్తాలో హీరాలాల్ సేన్ నాటకశాలలోని దృశ్యాలను పట్టుకున్నాడు. బొంబాయిలో 1912లో తోర్ణే గారి పుండలీక్ అంటే మరాఠీ నాటకం ముందు కెమెరా నిలబెట్టడమే. ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర తీస్తే తారామతి వేషం సాలుంకే అనే మగమనిషి వేశాడు, ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు కాబట్టి. 1931లో ఆలం ఆరా వచ్చింది, అది జోసెఫ్ డేవిడ్ రాసిన పారసీ నాటకం, అంటే బొంబాయి పారసీ కంపెనీల తరహా నాటకం.

అసలు మాట ఇక్కడుంది. మన సినిమాలో పాట ఎందుకుంది, రంగురంగుల తెరలు ఎందుకున్నాయి, దర్బారు సీను ఎందుకుంది, ప్రేమ, హాస్యం, యుద్ధం అన్నీ ఒకే ఆటలో ఎందుకుంటాయి అంటే నా జవాబు పారసీ థియేటర్. ధార్వాడ కంపెనీల మీదా, సురభి మీదా ఆ ప్రభావమే. కర్ణాటక మాకు పక్కనే, అటు నుంచి వచ్చే కంపెనీ నాటకాల రుచి మా గద్వాల వాళ్ళకు తెలుసు. పద్యం కూడా మాకు పరాయిది కాదు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు వచ్చి సన్మానాలు పొంది వెళ్ళారు. కాబట్టి బాగోతం నుంచి సినిమా అనే తిన్నటి గీత నాకు కనిపించడం లేదు.

మన దగ్గర సినిమా ఎందుకు నిలబడలేదంటే దానికి వేరే కారణం ఉంది. ధీరేన్ గంగూలీ కలకత్తా నుంచి హైదరాబాదు వచ్చి 1922లో లోటస్ ఫిలిం కంపెనీ పెట్టాడు, మూకీలు తీశాడు. రజియా బేగం బొమ్మ ఆడించాడని నిజాం ఆయన్ను రాజ్యం వదిలి పొమ్మన్నాడు. ఆ తర్వాత వేషం కట్టే మనిషికి ఇక్కడ స్టూడియో లేదు. కరీంనగర్ పైడి జైరాజ్ బొంబాయి పోయాడు, గుడిబండ కాంతారావు మద్రాసు పోయాడు.

హార్మోనియం మాస్టర్, దేవరకొండ
శనివారం రాత్రి 9:55

జరీ గారూ, పారసీ మాట ఒప్పుకుంటాను. తెరలు, సీనులు అటు నుంచే. అయితే సినిమా అంటే తెరలు కట్టినవాళ్ళ పని మాత్రమే కాదు, చూసేవాళ్ళది కూడా. పైసలు పెట్టి నేల మీద కూర్చున్న మనిషికి కథ ముందే తెలుసు. హరిశ్చంద్రుడు కాటిలో నిలబడతాడని తెలిసి కూడా ఏడవడానికి వచ్చాడు. ఆ అలవాటు ఆయనకు ఎవరు నేర్పారు? బాగోతమే. బోలెడన్ని పౌరాణికాలు ఎందుకు ఆడాయంటే, పల్లెలో ఆ కథలను తెల్లవార్లూ చూసిన కళ్ళు తయారుగా ఉన్నాయి.

పాతరీలు గారు అడిగారు కదా. లవకుశ రంగుల బొమ్మ వచ్చినప్పుడు మా ఊరి నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని పోయారు. తిరిగి వచ్చాక మా బాగోతంలో సీత వేసే ఆయన చీరకట్టు మార్చాడు, జడ మార్చాడు. లవకుశుల దరువు పక్కన పెట్టి సినిమా పాట పాడమని జనం అడగడం మొదలుపెట్టారు. మా గురువు గారు ఒప్పుకోలేదు. తర్వాత తర్వాత ఒప్పుకున్నారు. ఆ బొమ్మ వచ్చాక మా లవకుశలో సగం దరువులు పోయాయి. నాకు అది ఇప్పటికీ బాధే. సినిమా మన దగ్గర తీసుకున్నదాని గురించి రాస్తారు, మన ఆటను సినిమా ఎట్లా మార్చిందో కూడా రాయాలి కదా.

పాతరీలు, నల్లగొండ
శనివారం రాత్రి 10:20

అది సురభిలోనూ జరిగింది. పాతాళభైరవి సినిమా 1951లో వచ్చింది, దానికి మూలం కాశీ మజిలీ కథలు. తర్వాత సురభి వాళ్ళు పాతాళభైరవి నాటకం ఆడుతూ వచ్చారు. వైర్లు కట్టి గాల్లో ఎగరడం, స్టేజి మీద మంటలు, అన్నీ కళ్ళ ముందే. సినిమాలో అది కెమెరా మాయ, అక్కడ మనుషులు తాళ్ళు లాగే పని. దారి రెండు వైపులా నడిచింది.

పాత ఆపరేటర్, మిర్యాలగూడ
ఆదివారం ఉదయం 8:00

నేను డేరా టాకీసులో రీళ్ళు చుట్టే పిల్లాడిగా చేరి ఆపరేటర్‌గా రిటైర్ అయ్యాను. పుస్తకాల సంగతి నాకు తెలియదు, డేరా సంగతి రాస్తాను.

డేరా టాకీసు అంటే నాటకం డేరానే. గుంజలు, గుడ్డ, ముందు నేల, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ఆడవాళ్ళకు నడుమ అడ్డం. ఊరి బయట నాటకాల వాళ్ళు దిగిన మైదానంలోనే మేమూ దిగేవాళ్ళం. నాటకం మొదలయ్యే ముందు పరాబ్రహ్మ పరమేశ్వర పాడేవాళ్ళు, మేము ఘంటసాల గారి నమో వెంకటేశా రికార్డు వేసేవాళ్ళం. ఆ పాట వినపడితే పొలాల గట్ల మీద జనం పరుగు అందుకునేవాళ్ళు, ఆట మొదలైతుందని టెన్షన్.

మిషన్ ఒక్కటే ఉండేది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది. అది అయిపోతే లైట్లు వేసి ఇంకో రీలు ఎక్కించాలి. పెద్ద థియేటర్లలో రెండు మిషన్లు ఉంటాయి, బొమ్మకు కుడివైపు పైన చుక్క మెరవగానే రెండోది అందుకుంటుంది, జనానికి తెలియదు. మా దగ్గర మాత్రం ప్రతి రీలుకూ ఆగేది. ఎవరూ కోప్పడేవాళ్ళు కాదు. బాగోతంలో వేషం మారే దాకా ఆగిన జనమే కదా. ఆ గ్యాపులో ఊరి పెద్దమనిషి ఎవరో లేచి ముందు కథ చెప్పేవాడు, ఇప్పుడు రాముడు అడవికి పంపుతాడు చూడండి అని.

కార్బన్ కడ్డీలు మండుతుంటే చెయ్యి వాటి మీదే ఉండాలి. రెండు కడ్డీల మధ్య ఎడం పెరిగితే బొమ్మ పచ్చగా మారి ఆరిపోతుంది. పద్యం వస్తుందనగా నేను కడ్డీలు సరిచేసుకుని పెట్టుకునేవాణ్ణి, పద్యం మధ్యలో ఆరిపోతే నేల టికెట్టు వాళ్ళు ఊరుకోరు.

ఒకటి మాత్రం తేడా. నాటకంలో పద్యం బాగుంటే వన్స్ మోర్ అంటారు, చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడుతుంది. మా దగ్గరా అరిచేవాళ్ళు. రీలు వెనక్కి చుట్టడం కుదరదు. తెర మీద పాత్ర తన దారిన తాను పోతుంటే, ఆ అరిచిన పెద్దమనుషుల ముఖాలు చూడాలి. వాళ్ళకు అది అవమానంగానే అనిపించేది.

బీటెక్ బంటి, భువనగిరి
ఆదివారం ఉదయం 10:15

తాతా, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించా. నాదొక డౌట్. పాత సినిమాల్లో అందరూ ఎందుకు అంత గట్టిగా, నిలబడి మాట్లాడతారు? స్టేజి అలవాటేనా?

పాతరీలు, నల్లగొండ
ఆదివారం మధ్యాహ్నం 12:00

అలవాటు సగం, మిషన్ సగం. మొదటి టాకీల్లో మైకు ఒకచోట ఉంటుంది, దాని పరిధి దాటి కదలకూడదు. పాట కూడా షూటింగులోనే పాడాలి, వాద్యాల వాళ్ళు కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చుని వాయించాలి. అందుకే పాడగలిగిన నాటక నటులే కావాల్సి వచ్చారు. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్ళు ప్లేబ్యాక్ పద్ధతి తెచ్చారు. అది అన్నిచోట్లా అలవాటయ్యాక పాడటం రాని మనిషి కూడా హీరో కావచ్చు. నాటకానికీ సినిమాకూ మొదటి చీలిక అక్కడ పడిందని నా అభిప్రాయం.

రెండో చీలిక క్లోజప్. స్థానం నరసింహారావు గారు స్టేజి మీద సత్యభామ అంటే ఆంధ్రదేశమంతా పడిచచ్చింది, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాలో ఆయనకు ఆ పేరు రాలేదు. దూరం నుంచి చూస్తే ఆడదనిపించిన వేషాన్ని కెమెరా దగ్గరికి పోయి చూసింది. బళ్ళారి రాఘవ గారు దానికి ఎదురు. ఆయన స్టేజి మీదే పద్యాలు సాగదీయడం వద్దని, పాత్రను మాటలో చూపాలని పట్టుబట్టినవారు. 1939లో రైతుబిడ్డలో రైతు వేషం వేశారు. జమీందార్లకు ఆ బొమ్మ కంటగింపు అయింది.

చేలగట్టు, తిరుమలగిరి
ఆదివారం సాయంత్రం 5:30

రైతుబిడ్డ మాట వచ్చింది కాబట్టి మాభూమి గురించి రాయకపోతే నల్లగొండ వాళ్ళం కాము.

చాలామంది ఒకటి పొరబడుతుంటారు. మాభూమి నాటకం వేరు, మాభూమి సినిమా వేరు. నాటకం 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాశారు. తెలంగాణ రైతాంగ పోరాటమే కథ. కమ్యూనిస్టు కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ మన దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న కడవెండిలో తూటాకు పడిపోతే, ఆ కడవెండి అప్పుడు మన నల్లగొండ జిల్లాయే, ఆ పోరాటం కథ ముందు కృష్ణ అవతల స్టేజి ఎక్కింది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి, అటువంటి నాటకం ఆడనిస్తారా!

సినిమా 1979లో తయారై 1980లో విడుదలైంది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. దాని మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. నాటకం నుంచి తీసుకోలేదు. మరి నాటకానికీ దానికీ బంధం ఏంది? అందులో పాటలు చూడండి. పల్లెటూరి పిల్లగాడా పాట సుద్దాల హనుమంతు గారిది. ఆయన గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం పట్టుకుని పోరాటాన్ని ఊర్లల్లో చెప్పిన మనిషి. యాదగిరి కట్టిన బండెనక బండి పాటను గద్దర్ తెర మీద పాడారు. మాస్టర్ గారు చెప్పిన బాగోతం, గొల్లసుద్దులు, బుర్రకథ ధార నేరుగా సినిమాలోకి దిగింది ఇక్కడే. పారసీ తెరలు లేవు, రాజమండ్రి పద్యం లేదు. జరీ గారూ, మీరు అడిగిన తిన్నటి గీత ఇదే.

ప్రజానాట్యమండలి నుంచి మద్రాసు వెళ్ళినవాళ్ళు మస్తు మంది. గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు తీసి జమునను పరిచయం చేశారు. అల్లు రామలింగయ్య, మిక్కిలినేని, తాతినేని ప్రకాశరావు, అందరూ అటునుంచి వచ్చినవాళ్ళే. బుర్రకథ నాజర్ సంగతి వేరే చెప్పాలా.

పాలమూరు పంతులమ్మ
ఆదివారం రాత్రి 8:40

ఇంతమంది రాస్తుంటే సంతోషంగా ఉంది. నాకు యాస మీద ఒక మాట చెప్పాలని ఉంది.

పద్యనాటకం నుంచి వచ్చిన సినిమా ఒక భాష తెచ్చుకుంది. కృష్ణుడు, రాముడు, జమీందారు, కాలేజీ పిల్లాడు అందరిదీ కోస్తా ఇంటి తెలుగు. మన మాట చాలా ఏళ్ళు నవ్వించేవాడికో, విలన్‌కో ఇచ్చారు. మా అత్తమ్మ థియేటర్లో అందరూ నవ్వుతుంటే తను నవ్వేది కాదు. అట్లనే కదా మనం మాట్లాడేది, ఎందుకు నవ్వుతున్నారు అని అడిగేది. బాగోతంలో మాత్రం బుడ్డర్ ఖానే కాదు, రాణి కూడా మన మాటే మాట్లాడుతుంది. మాభూమి, దాసి లాంటి సినిమాల విలువ నాకు అక్కడ కనిపిస్తుంది. 1988 దాసికి జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చన ఉత్తమ నటి. దుస్తులకు అవార్డు తీసుకున్న సుదర్శన్ గారు మన మిర్యాలగూడ వారు, ఆ తర్వాత ఆయన పేరే దాసి సుదర్శన్ అయింది. దొర గడీలో దాసి ఏ చీర ఏ తీరుగ కట్టేదో తెలియాలంటే ఈ నేల మనిషే కావాలి.

ఇక ఈ మధ్య మా పాలమూరు వైపు చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారు అవుసలికుంట వారు, 2021లో భీమ్లా నాయక్ పాటతో అందరికీ తెలిశారు, మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. బుర్రవీణ దాసరి కొండప్ప గారు దామరగిద్ద వారు, బలగంలో గొంతు వినిపించారు, 2024లో పద్మశ్రీ. సినిమా వాళ్ళు గొంతు తీసుకున్నారు, మంచిదే. ఆ కళాకారులు రాత్రంతా చెప్పే కథలో నుంచి తీసుకున్నది కొన్ని నిమిషాలు. మిగతా కథ ఎవరు వింటున్నారు?

గద్వాల జరీ
ఆదివారం రాత్రి 9:30

చేలగట్టు గారూ, మాభూమి విషయంలో మీ మాట కాదనలేను. 1932 నుంచి 1960ల దాకా పౌరాణికాల విషయంలో మాత్రం నా వాదన నాదే. పంతులమ్మ గారు చెప్పిన భాష సంగతి నా వాదనకే బలం. సినిమా బాగోతం నుంచి పుట్టి ఉంటే రాణి మన మాట మాట్లాడేది.

హార్మోనియం మాస్టర్, దేవరకొండ
ఆదివారం రాత్రి 10:10

కథ మనది, మాట వాళ్ళది అంటారు. అట్ల అయితే ఒప్పుకుంటా.

బీటెక్ బంటి, భువనగిరి
ఆదివారం రాత్రి 10:25

మరి ఇప్పుడు? నాటకాల నుంచి ఎవరూ రావడం లేదా?

పాతరీలు, నల్లగొండ
ఆదివారం రాత్రి 11:00

వస్తూనే ఉన్నారు. ప్రాణం ఖరీదు నాటక రచయిత సి.ఎస్.రావు గారిది (లవకుశ దర్శకుడు వేరు), దాన్నే 1978లో సినిమా తీశారు, నాటకంలో ఆడిన కోట శ్రీనివాసరావు గారు ఆ దారినే తెర మీదికి వచ్చారు. జయప్రకాశ్ రెడ్డి గారు మన నల్లగొండలో నాటకం ఆడుతుంటే దాసరి నారాయణరావు గారు చూసి రామానాయుడు గారికి చెప్పారు, 1988లో బ్రహ్మపుత్రుడు. సినిమాల్లో పేరొచ్చాక కూడా ఆయన అలెగ్జాండర్ అనే ఏకపాత్ర నాటకం ఒక్కడే స్టేజి మీద నిలబడి ఆడేవారు. ఆయన సీమ మాటతో సినిమాలో నిలబడ్డారు. ఆ ధైర్యం స్టేజి ఇచ్చిందే.

మూసీపిల్ల, సూర్యాపేట
సోమవారం సాయంత్రం 4:15

అందరికీ పేరుపేరునా దండాలు. పిల్లలకు మీ పోస్టులు చదివి వినిపించాను. వాళ్ళ ప్రాజెక్టు మార్చేశాం. పుస్తకాల నుంచి రాయడం తగ్గించి, ఎవరి ఊర్లో బాగోతం ఆడినవాళ్ళు మిగిలి ఉన్నారో వాళ్ళ దగ్గరికి పోయి ఫోన్లో రికార్డు చేసుకు రమ్మన్నాం. మాస్టర్ గారూ, ఏం అడగాలో చెప్పండి. ఊరికే "మీ అనుభవాలు చెప్పండి" అంటే వాళ్ళు రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు.

హార్మోనియం మాస్టర్, దేవరకొండ
సోమవారం రాత్రి 9:05

అనుభవాలు అడగొద్దు బిడ్డా. దరువు పాడమనండి. ఫలానా కథలో తెర తీసేటప్పటి పాట ఏందని అడగండి. ఒక చరణం నోటికి వస్తే మిగతాది అదే వస్తుంది. కథ నేర్పిన గురువు ఎవరు, ఆయనది ఏ ఊరు అని తప్పక అడగండి. ఆడవేషం కట్టిన ఆయన్ను చీర ఎవరింటి నుంచి తెచ్చేవారో అడగండి, ఊరి సంగతులన్నీ దాంట్లో బయటికి వస్తాయి. సినిమా చూశాక ఏ దరువు మానేశారో అడగండి, ఆ మానేసినదాన్ని ముందు పాడించుకోండి. తాళం వేసే మనిషి ఉంటే పక్కన కూర్చోబెట్టండి, తాళం లేకుండా వాళ్ళకు గొంతు రాదు.

లవకుశ దరువుల పుస్తకం నా దగ్గర ఒకటుంది, మా గురువు గారు అంచుల్లో రాసుకున్న మార్పులతో సహా. సినిమా రాకముందు పాడినవి అందులో ఉన్నాయి. మా మనవడు ఫోటోలు తీసి ఇక్కడ పెడతాడు.

పాత ఆపరేటర్, మిర్యాలగూడ
సోమవారం రాత్రి 9:40

మాస్టర్ గారూ, ఫోటోలు పెట్టేటప్పుడు అంచులో రాతలు కనపడేట్టు వెలుతురులో తీయమనండి. మేడం, మా డేరా టాకీసుకు ముందు నాటకాల వాళ్ళకు డేరా కట్టిన ఆయన ఒకరు నేరేడుచర్లలో ఉన్నారు. మీ పిల్లలు వస్తే నేనే తోలుకపోతా. ఆదివారం పొద్దున అయితే ఆయన ఇంటి దగ్గరే ఉంటారు.